ఐసవుస్ స్టాప్ దగ్గర ఆ గుండ్రటి బిల్డింగ్ ఐస్ ఫ్యాక్టరీయా, పాల ఫ్యాక్టరీయా, మఠమా?

నెల్లూరు_చిన్నోడు
మద్రాసు ట్రిప్లికేన్‌లో మేన్షన్‌లో, అంటే బ్యాచిలర్ల లాడ్జిలో, దిగి నాలుగు నెలలైంది. రోజూ బస్సెక్కేది ఐస్ హౌస్ స్టాప్‌లో. కండక్టర్ ఐసవుస్ ఐసవుస్ అని అరుస్తాడు, పోలీస్ స్టేషన్ పేరూ ఐస్ హౌసే, చుట్టుపక్కల చూస్తే బిర్యానీ ఉంది, చొక్కాల కొట్లున్నాయి, ఐస్ మాత్రం ఎక్కడా లేదు. మేన్షన్ కింద టీ కొట్టు పెద్దాయన్ని అడిగితే బీచ్ రోడ్డు మీద ముందువైపు గుండ్రంగా ఉంటుందే వివేకానందర్ ఇల్లం, అది ఒకప్పుడు తెల్లోళ్ళు ఐసూ పాలూ తయారుచేసిన ఫ్యాక్టరీ అన్నాడు. మా రూమ్మేట్ ఏమో అది మొదట్నుంచీ మఠమే అంటాడు. ఇద్దరం పందెం వేసుకున్నాం, ఓడినోడు ఆదివారం టిఫిన్ పెట్టించాలి. తెలిసినవాళ్ళు చెప్పండి, అసలా బిల్డింగ్ ఏంటి?

పెరంబూరు_పద్మ
ఐస్ ఫ్యాక్టరీనే. మా చిన్నప్పుడు స్కూల్ వాళ్ళు తీసుకెళ్ళి చూపించారు, టీచర్ అలాగే చెప్పింది.

సౌకార్‌పేట_శేషు
ఫ్యాక్టరీ కాదు పద్మగారూ. అక్కడ ఒక్క ముక్క ఐస్ కూడా తయారవలేదు. అది గోదాం. ఐస్ అమెరికా నుంచి ఓడల్లో వచ్చేది.

నెల్లూరు_చిన్నోడు
అమెరికా నుంచా?? అన్నా నిజంగానా? నేను నెల్లూర్లో ఫ్రిజ్‌లోంచి తీసి బ్యాగ్‌లో పెట్టుకున్న వాటర్ బాటిల్ గూడూరు వచ్చేలోపే వేడెక్కిపోద్ది.

అంబత్తూరు_ఆది
అమెరికా నుంచి ఐస్... శేషు అన్నా ఇది వాట్సాప్‌లో వచ్చిందా

సౌకార్‌పేట_శేషు
వాట్సాప్ కాదు ఆదీ, రికార్డుల్లో ఉన్న చరిత్ర. కూర్చుని చదువు, పెద్దది.

బోస్టన్‌లో ఫ్రెడరిక్ ట్యూడర్ అని ఒక వ్యాపారి ఉండేవాడు. వాళ్ళ ఊళ్ళో చలికాలం చెరువులన్నీ గడ్డకడతాయి, ఆ గడ్డ కోసి వేడి దేశాలకి అమ్మితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1806లో మొదటి ఓడ కరీబియన్‌లో ఉన్న మార్టినిక్ దీవికి పంపాడు, ఊరంతా నవ్వారు. అక్కడ ఐస్ దాచడానికి సరైన చోటు లేక కరిగిపోయి నష్టం వచ్చింది. తర్వాత అప్పులు తీర్చలేక జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. అయినా వదల్లేదు. 1820లలో నథానియల్ వైయెత్ అనే ఆయన గుర్రాలు లాగే కోత నాగలి తయారుచేశాక దశ తిరిగింది, మనం పొలం దున్నినట్టు చెరువు మీద గడ్డని నిలువూ అడ్డం గీసి ఒకే సైజు పలకలుగా కోసేవాళ్ళు. ఒకే సైజు ఉంటే సందుల్లేకుండా పేర్చొచ్చు, సందులేకపోతే గాలి దూరదు, గాలి దూరకపోతే కరగడం తగ్గుతుంది. అసలు కిటుకు అదే.

1833 మే నెలలో ట్యూడర్ పంపిన టస్కనీ అనే ఓడ 180 టన్నుల ఐస్‌తో బోస్టన్‌లో బయల్దేరి సెప్టెంబర్‌లో కలకత్తా చేరింది. అప్పటికి సూయజ్ కాలువ లేదు, ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి, అంటే భూమధ్యరేఖని రెండుసార్లు దాటాలి. నాలుగు నెలల ప్రయాణం తర్వాత ఇంకా 100 టన్నులదాకా మిగిలుంది. ఆ కలకత్తా వ్యాపారం మీదే ఆయన నిలదొక్కుకున్నాడు. కలకత్తాలో ఒకటి, బొంబాయిలో ఒకటి, మద్రాసులో ఒకటి ఐస్ ఇళ్ళు కట్టారు. మద్రాసుది 1842లో. మూడు ఊళ్ళలో ఇప్పటికీ నిలబడి ఉన్నది మనదొక్కటే.

అంబత్తూరు_ఆది
సారీ అన్నా, వాట్సాప్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక డౌటు, దేంట్లో చుట్టేవాళ్ళు?

సౌకార్‌పేట_శేషు
రంపపు పొట్టు. అక్కడ కలప మిల్లుల్లో ఊరికే పారేసేది. చెరువులో గడ్డా ఊరికే వచ్చేది, పొట్టూ ఊరికే వచ్చేది. బోస్టన్ నుంచి ఇటొచ్చే ఓడలకి ఎక్కించడానికి పెద్ద సరుకుండేది కాదు, బరువు కోసం రాళ్ళు నింపుకొచ్చేవాళ్ళు, ఆ రాళ్ళ బదులు ఐస్ ఎక్కింది. తిరిగి వెళ్ళేటప్పుడు మన సరుకు నింపుకెళ్ళేవాళ్ళు.

కాకినాడ_కనకం
మా ఊళ్ళో చేపల బుట్టల్లో ఐస్ మీద వరి ఊక పోస్తారు, అదే లెక్క. మా అమ్మ కూడా పెళ్ళిళ్ళకి ఐస్ దిమ్మ తెప్పిస్తే ఊక పోసి పైన గోనెపట్టా కప్పి పెట్టేది, మర్నాడు పొద్దున్నకి కూడా సగం ఉండేది.

మెరీనా_గాలి
శేషుగారు చెప్పిందాంట్లో ఒకటి కలుపుతా. 1842లో మద్రాసుకి హార్బర్ లేదు. ఓడలు సముద్రంలో దూరంగా లంగరేసుకుని నిలబడేవి, అక్కడ్నుంచి మసూలా పడవల్లోకి సరుకు దించి అలల మీదుగా ఒడ్డుకి తేవాలి. మసూలా పడవ అంటే పలకల్ని మేకులు కొట్టకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టేది, అల వచ్చి గుద్దితే విరగదు, వంగుతుంది. మన మద్రాసు అలలు ఎలాంటివో చూశారుగా, నాలుగు నెలలు నిలబడ్డ ఐస్‌ని ఆఖరి మైలు దాటించింది ఆ పడవ నడిపినవాళ్ళు. వాళ్ళ పేరు ఏ బోర్డు మీదా ఉండదు.

ఇంకోటి, ఇప్పుడు ఐస్ హౌస్ ముందు రోడ్డు, రోడ్డవతల అంత వెడల్పు ఇసక, ఆ తర్వాత సముద్రం. అప్పుడు అంత ఇసక లేదు, సముద్రం చాలా దగ్గర. 1870లలో హార్బర్ గోడలు కట్టడం మొదలెట్టాకే దానికి దక్షిణాన ఇసక మేట వేస్తూ వచ్చింది. మనం సుండల్ (శనగ గుగ్గిళ్ళు) తింటూ కూర్చునే మెరీనా సగం హార్బర్ పుణ్యమే. 1884లో గవర్నర్ గ్రాంట్ డఫ్ అక్కడ నడక దారి వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. ఐస్ ఇల్లు అక్కడెందుకు కట్టారో ఇప్పుడు చూస్తే అర్థం కాదు, సముద్రాన్ని దగ్గరికి జరుపుకుని చూస్తే అర్థమవుద్ది.

నెల్లూరు_చిన్నోడు
మెరీనా_గాలి అన్నా ఈ మాట నాకు బాగా ఎక్కింది. రోజూ అటే నడుస్తా, ఎప్పుడూ అలా ఆలోచించలేదు.

టీనగర్_తాతయ్య
అమెరికావాడు వచ్చేదాకా మన దేశంలో ఐస్ తెలీదన్నట్టు రాస్తున్నారు, అది సరికాదు. ఉత్తరాదిన అలహాబాద్ వైపు, బెంగాల్లో హుగ్లీ వైపు చలికాలం రాత్రుళ్ళు గుంటల్లో గడ్డి పరిచి దానిమీద లోతులేని మట్టి మూకుళ్ళు పెట్టి నీళ్ళు పోసేవాళ్ళు. తెల్లారేసరికి పైన పలుచగా ఐస్ కట్టేది, సూర్యుడు రాకముందే ఎత్తి గుంటల్లో దాచేవాళ్ళు. మొగలుల కాలంలో సురేకారం నీళ్ళలో కలిపి ఆ చల్లదనంలో తాగే నీళ్ళ కూజా తిప్పేవాళ్ళు. మనవాళ్ళకి తెలివి లేక కాదు.

సౌకార్‌పేట_శేషు
తాతయ్యగారూ ఒప్పుకుంటా. హుగ్లీ ఐస్ బురదబురదగా ఉండేదని, ట్యూడర్ ఐస్ అద్దంలా ఉండేదని అందుకే కలకత్తాలో ఎగబడ్డారని అంటారు. కానీ మద్రాసులో ఆ మూకుళ్ళ పని కుదరదు కదా, మనకి చలికాలం ఎక్కడుంది?

టీనగర్_తాతయ్య
అది నిజమే. ఇక్కడ మార్గళి నెలలోనే, అంటే ధనుర్మాసంలోనే, స్వెట్టర్ వేసుకుంటారు గానీ నీళ్ళు గడ్డకట్టవు.

పెరంబూరు_పద్మ
మరి ఎవరు కొనేవాళ్ళు? మామూలు జనానికి దొరికేదా?

సౌకార్‌పేట_శేషు
ఎక్కువగా తెల్లదొరలు, క్లబ్బులు, బాగా డబ్బున్నవాళ్ళు. జ్వరాలకి డాక్టర్లు కూడా వాడేవాళ్ళు. మామూలు ఇంట్లో కుండ నీళ్ళే.

నెల్లూరు_చిన్నోడు
సరే ఐస్ సంగతి తేలింది. మరి పాలు? టీ కొట్టు పెద్దాయన పాలు కూడా అన్నాడు, ఆయన ముప్ఫయ్యేళ్ళుగా అక్కడే ఉన్నాడు, ఊరికే అంటాడా?

సౌకార్‌పేట_శేషు
పాల ఫ్యాక్టరీ మాత్రం కాదు. కలకత్తా వెళ్ళిన ట్యూడర్ ఓడల్లో ఐస్ మధ్యన పెట్టి ఆపిల్స్, వెన్న కూడా పంపేవాళ్ళు, అంతవరకే నాకు తెలిసింది.

కంప్రెసర్_బాబు
ఇన్ని రోజుల్నుంచి చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఈ పాల మాట చూసి రాస్తున్నా. ఐసూ పాలూ ఒకే బిల్డింగ్‌లో ఉండటం వింతేం కాదు. పెద్దాయన వేరే బిల్డింగ్‌ని దీంతో కలిపేసుకుని ఉంటాడు, అలాంటివి నార్త్ మద్రాస్‌లో ఉండేవి. మా నాన్న 31 ఏళ్ళు అలాంటి దాంట్లోనే కంప్రెసర్ ఆపరేటర్. కాశిమేడు చేపల హార్బర్‌కి దగ్గర్లో. ముందు భాగం ఐస్ ప్లాంట్, వెనక భాగం పాలు చల్లబరిచే ప్లాంట్, రెండింటికీ ఒకే అమ్మోనియా లైను.

ఎలాగంటే, పెద్ద సిమెంట్ తొట్టి, దాన్నిండా ఉప్పునీళ్ళు. అమ్మోనియా కాయిల్స్ ఆ ఉప్పునీళ్ళని మైనస్ 10 దాకా చల్లబరుస్తాయి, ఉప్పు ఉంది కాబట్టి అది గడ్డకట్టదు. దాంట్లో మంచినీళ్ళు పోసిన రేకు డబ్బాలు దించుతారు, వాటిని క్యాన్లంటారు. దాదాపు ఒక రోజు పడుతుంది దిమ్మ కట్టడానికి. గోడల వైపు నుంచి లోపలికి కట్టుకుంటూ వస్తుంది, నీళ్ళలో ఉన్న ఉప్పూ గాలీ మధ్యకి నెట్టుకుపోతుంది, అందుకే దిమ్మ మధ్యలో తెల్లగా ఉంటుంది, అంచులు అద్దంలా ఉంటాయి. కట్టాక క్యాన్ పైకెత్తి ఒక్క నిమిషం మామూలు నీళ్ళలో ముంచితే దిమ్మ జారి వచ్చేస్తుంది. 50 కిలోల దిమ్మలు. తెల్లారుజామున 3 గంటలకి బోట్లవాళ్ళు వచ్చేవాళ్ళు, క్రషర్‌లో వేస్తే వచ్చే ఆ గరగర శబ్దం మా ఇంటిదాకా వినపడేది, నాకు అది లేకపోతే నిద్ర పట్టేది కాదు.

పాలకి సంబంధం ఏంటంటే, సాయంత్రం పాలు సాయంత్రం, పొద్దుటి పాలు పొద్దున ఒక్కసారిగా వచ్చిపడతాయి, గబగబా 4 డిగ్రీలకి దించకపోతే విరిగిపోతాయి. అంత పెద్ద కంప్రెసర్ ఆ రెండు గంటల కోసం పెట్టలేరు. అందుకని రాత్రంతా చిన్న కంప్రెసర్‌తో కాయిల్స్ చుట్టూ ఐస్ కట్టించి ఉంచుతారు, దాన్ని ఐస్ బ్యాంక్ అంటారు. పాలు రాగానే ఆ ఐస్ మీదుగా తిరిగిన చల్లనీళ్ళతో పాలు చల్లబరుస్తారు. ఐస్ అంటే రాత్రి దాచుకున్న చల్లదనం, మా నాన్న మాట అది.

అంబత్తూరు_ఆది
బాబు అన్నా నువ్వు ఇంతకాలం ఎందుకు రాయలేదు? రోజూ రాయి.

కాకినాడ_కనకం
మధ్యలో తెల్లగా ఎందుకుంటుందో నాకు నలభయ్యేళ్ళకి ఇవాళ తెలిసింది.

బసవనగుడి_భాను
బెంగళూరు నుంచి రాస్తున్నా. పాల చరిత్ర అంటే మా ఊరికీ ఒకటుంది. ఆడుగోడి దగ్గర హోసూర్ రోడ్ పక్కన ఇంపీరియల్ డెయిరీ సంస్థ 1923లో మొదలైంది. 1927లో గాంధీగారు ఒంట్లో బాగోక బెంగళూరులో విశ్రాంతి తీసుకుంటూ అక్కడికెళ్ళి పశుపోషణ, పాల పని నేర్చుకున్నారు. 1955లో ప్రధాన సంస్థ కర్నాల్‌కి వెళ్ళిపోయింది, ఇక్కడ దక్షిణాది కేంద్రం మిగిలింది. ఆ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి తెలుసో.

పెరంబూరు_పద్మ
మాకూ మాధవరం ఉంది కదా! న్యూజిలాండ్ సాయంతో 1963లో మాధవరం డెయిరీ పెట్టారు. మా అమ్మ పాల కార్డు పట్టుకుని డిపో ముందు చీకట్లో లైన్లో నిలబడేది, గాజు సీసాలు, పైన రేకు మూత. ఆ మూతలు దాచుకుని దండలు గుచ్చేదాన్ని. ఆవిన్ అన్న ఇప్పటి తమిళనాడు పాల బ్రాండ్ పేరు తర్వాతెప్పుడో వచ్చింది.

టీనగర్_తాతయ్య
ఆ సీసా ఖాళీది ఇస్తేనే నిండుది ఇచ్చేవాడు, ఒకసారి పగలగొట్టి మా నాన్నగారితో తిట్లు తిన్నాను. సరే, టాపిక్‌కి రండి. ట్యూడర్ ఐస్ ఎందుకు ఆగిపోయిందో ఎవరూ చెప్పలేదు.

సౌకార్‌పేట_శేషు
బాబు చెప్పిన మెషీన్ల ముత్తాతలే కారణం. ట్యూడర్ 1864లో పోయాడు. 1874లో మద్రాసులోనే ఇంటర్నేషనల్ ఐస్ కంపెనీ అని పెట్టి ఆవిరి యంత్రాలతో ఐస్ చేయడం మొదలెట్టారు, 1878లో కలకత్తాలో బెంగాల్ ఐస్ కంపెనీ వచ్చింది. ఊళ్ళోనే ఐస్ దొరుకుతుంటే ఆఫ్రికా చుట్టూ తిప్పి తెచ్చేదెవరు? పద్మగారూ, అసలు ఫ్యాక్టరీ ఐస్ వచ్చాకే ఐస్ హౌస్ పని అయిపోయింది.

పెరంబూరు_పద్మ
ఒప్పుకున్నా శేషుగారూ. మా టీచర్‌కి ఇప్పుడు చెప్పలేను, ఆవిడ లేరు.

మెరీనా_గాలి
ఖాళీ అయిన గోదాంని బిళిగిరి అయ్యంగార్ అని హైకోర్టు లాయరు కొన్నాడు. ఐస్ గోదాం అంటే కిటికీల్లేని డబ్బా, మనుషులు ఉండేలా గుండ్రటి వరండాలు కిటికీలు పెట్టించాడు. కెర్నన్ అనే జడ్జి మీద అభిమానంతో క్యాజిల్ కెర్నన్ అని పేరు పెట్టాడు. చిన్నోడా, నువ్వు చూసే ఆ గుండ్రం ఆయన కట్టించింది.

1897 ఫిబ్రవరి 6న వివేకానందుడు అమెరికా, ఇంగ్లండ్ తిరిగి మద్రాసుకి వచ్చి ఈ ఇంట్లోనే దిగాడు. తొమ్మిది రోజులున్నాడు. ఎగ్మోర్ స్టేషన్ నుంచి వస్తుంటే బండికి గుర్రాలు విప్పేసి కుర్రాళ్ళే లాగారంటారు. ఇక్కడొక రామకృష్ణ మఠం పెట్టాలని మనవాళ్ళు అడిగితే తన తోటి శిష్యుడు రామకృష్ణానందుల్ని పంపించాడు, ఆ మార్చిలోనే ఆయన వచ్చాడు, మఠం ఈ ఇంట్లోనే నడిచింది. అయ్యంగార్ 1902లో పోయాడు, 1906లో ఇల్లు వేలానికి వచ్చింది, మఠం ఖాళీ చేయాల్సి వచ్చింది, మైలాపూర్‌కి వెళ్ళింది. అంటే మీ రూమ్మేట్ కూడా పూర్తిగా తప్పు కాదు, దాదాపు తొమ్మిదేళ్ళు మఠమే.

అంబత్తూరు_ఆది
అమెరికా నుంచి ఐస్ వచ్చిన ఇంటికే అమెరికా నుంచి స్వామీజీ వచ్చాడన్నమాట!

ట్రిప్లికేన్_రమణి
ఐస్ గురించి, స్వామీజీ గురించి రాశారు, సంతోషం. ఆ ఇంట్లో ఎక్కువ కాలం బతికింది ఆడపిల్లలు. వాళ్ళ గురించి ఇంతవరకు ఒక్కరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా.

సిస్టర్ సుబ్బలక్ష్మి అని ఉండేవారు, 1886లో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్ళి, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ రోజుల్లో అలాంటి పిల్లకి ఏం చేసేవాళ్ళో పెద్దవాళ్ళకి తెలుసు, గుండు చేయించి, ఒకే రంగు చీర కట్టించి, వంటింటి మూలకి నెట్టేసేవాళ్ళు. ఆవిడ తండ్రి అలా చేయనివ్వలేదు, చదివించాడు. 1911లో ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ తీసుకున్నారు. తర్వాతేడాది ఎగ్మోర్‌లో తనలాంటి నలుగురైదుగురు పిల్లల్ని దగ్గర పెట్టుకుని చదివించడం మొదలెట్టారు, పిల్లలు పెరిగారు, చోటు చాల్లేదు, చివరికి ఈ ఐస్ హౌస్‌కి వచ్చారు. 1917లో ప్రభుత్వం బిల్డింగ్ కొన్నది. అక్కడుండి పిల్లలు స్కూల్‌కి, టీచర్ ట్రైనింగ్‌కి వెళ్ళేవాళ్ళు. పక్కనే లేడీ విల్లింగ్డన్ ట్రైనింగ్ కాలేజీ కూడా ఆవిడ చలవే. బీచ్‌లో నడవడానికి తీసుకెళ్ళేవారు, ఆ రోజుల్లో విధవలు బయట కనపడితేనే అపశకునమనేవాళ్ళు.

మా నాన్నమ్మ వాళ్ళ అక్క అక్కడ చదువుకుంది. నెల్లూరు జిల్లా పిల్ల, చిన్నోడూ, మీ వైపే. పన్నెండేళ్ళకి విధవ. వాళ్ళన్నయ్య రాత్రికి రాత్రి బండి కట్టించి రైలెక్కించి మద్రాసు తెచ్చి దించాడట. ఏడేళ్ళుండి టీచరై ఊరికి తిరిగొచ్చింది, మా నాన్నని చదివించింది ఆవిడే. ఆఖరి రోజుల్లో మతిమరుపు వచ్చి అందర్నీ మర్చిపోయింది కానీ ఊరేదమ్మా అని అడిగితే ఐస్ హౌస్ అనేది. నెల్లూరు అనలేదు ఎప్పుడూ.

నెల్లూరు_చిన్నోడు
రమణి అత్తా... ఏం రాయాలో తెలీడం లేదు. రేపు ఆ గేటు దాటుతూ ఆవిడ్ని తలుచుకుంటా.

టీనగర్_తాతయ్య
అమ్మా రమణీ, నువ్వు రాయకపోతే ఈ చర్చ సగమే. సుబ్బలక్ష్మిగారికి 1958లో పద్మశ్రీ ఇచ్చారు. మా అమ్మ ఆవిణ్ణి చూసింది, తెల్లచీరలో ఉండేదట, నవ్వుతూ మాట్లాడేదట.

పెరంబూరు_పద్మ
రెండుసార్లు చదివాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను.

సౌకార్‌పేట_శేషు
నాది తప్పే రమణిగారూ. నాకు తెలిసి కూడా మొదటి పోస్టులో రాయలేదు, ఐస్ మోజులో పడిపోయా.

అంబత్తూరు_ఆది
తర్వాత వివేకానందర్ ఇల్లం ఎప్పుడైంది?

మెరీనా_గాలి
1963లో స్వామీజీ నూరేళ్ళ పండక్కి ప్రభుత్వం పేరు మార్చింది. 1997లో, ఆయన వచ్చి దిగిన నూరేళ్ళకి, మఠానికి లీజుకిచ్చారు. 1999లో లోపల ఎగ్జిబిషన్ తెరిచారు. పేరు మార్చి ఇన్నేళ్ళయినా బస్ స్టాప్ మాత్రం ఐసవుసే.

బసవనగుడి_భాను
ఇంకా ఆ ఐస్ వ్యాపారపు పేరెందుకు, వివేకానంద స్టాప్ అని మార్చేస్తే సరిపోయేది కదా?

ట్రిప్లికేన్_రమణి
మార్చొద్దు భానుగారూ. మా పెద్ద నాన్నమ్మ చివరిదాకా పట్టుకున్న పేరది.

టీనగర్_తాతయ్య
నేనూ అదే అంటాను. స్వామీజీ పేరు ఇంటికుంది, చాలు. ఐస్ పేరు వీధికి ఉండనీ. బీసెంట్ రోడ్‌ని కూడా పాతవాళ్ళం ఐస్ హౌస్ రోడ్ అనే అంటాం.

బసవనగుడి_భాను
రమణిగారి పోస్టు మళ్ళీ చదివి వచ్చా. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

కంప్రెసర్_బాబు
ఇదంతా చదువుతుంటే నాకొక బాధ చెప్పుకోవాలనిపించింది. నాన్న పనిచేసిన ఆ ఐస్, పాల బిల్డింగ్ మూతపడి పదేళ్ళ పైనైంది. వచ్చే నెల కొట్టేస్తున్నారు, ఫ్లాట్లు వస్తాయట. ఓనర్లని తప్పుపట్టను, వాళ్ళ స్థలం. ఐస్ హౌస్ ఎందుకు నిలబడిందా అని ఆలోచించా, ఒకరి పని అయిపోగానే ఇంకొకరు దూరారు, లాయరు, స్వామీజీ, సిస్టరు, ప్రభుత్వం. మా దాంట్లోకి ఎవరూ దూరలేదు. నాన్నకి ఇప్పుడు 78. చెప్పాలా వద్దా అని రెండు వారాలుగా తిరుగుతున్నా.

కాకినాడ_కనకం
చెప్పు బాబూ. బయటివాళ్ళ ద్వారా తెలిస్తే ఇంకా బాధపడతారు.

అంబత్తూరు_ఆది
నేను చెప్పొద్దంటా. ఆ వయసులో అవసరమా?

ట్రిప్లికేన్_రమణి
చెప్పి ఊరుకోకు, తీసుకెళ్ళు. కొట్టకముందే ఒకసారి లోపలికి తీసుకెళ్ళు. ఏ మూల ఏముందో ఆయన చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చెయ్యి.

మెరీనా_గాలి
నా దగ్గర మంచి కెమెరా ఉంది, కొలతల టేపు ఉంది. ఆదివారం నేనొస్తా. ఐస్ తొట్టి పొడవు వెడల్పు, క్యాన్ల వరసలు, పైన క్రేన్ పట్టాలు, కింద నీళ్ళు పోయే కాలవ, పాల వైపు టైల్స్, అన్నీ కొలిచి బొమ్మ వేద్దాం. బిల్డింగ్ ఆపలేం, అది ఎలా పనిచేసిందో పోకుండా ఆపొచ్చు.

సౌకార్‌పేట_శేషు
నేనూ వస్తా. అమ్మోనియా లైన్లు ఖాళీ చేశారో లేదో ముందు అడుగు బాబూ, పాత పైపుల్లో మిగిలుంటే ప్రమాదం.

కంప్రెసర్_బాబు
మూసినప్పుడే తీసేశారు శేషుగారూ, నాన్నే దగ్గరుండి తీయించారు. లీకైతే తడి తువ్వాలు ముక్కుకి కట్టుకుని లోపలికి దూరిన మనిషి ఆయన, అమ్మోనియాని నీళ్ళు లాగేసుకుంటాయి కదా. వాచ్‌మన్‌తో మాట్లాడా, ఆదివారం పొద్దున రానిస్తానన్నాడు.

నెల్లూరు_చిన్నోడు
నేనూ వస్తా అన్నా. నిన్న ఐస్ హౌస్ లోపలికి వెళ్ళొచ్చా, రూమ్మేట్‌ని కూడా తీసుకెళ్ళా. ఎవరు గెలిచారో తేలలేదు, ఇద్దరం సగం సగం పెట్టుకుని టీ కొట్టు పెద్దాయనకి కూడా టిఫిన్ పెట్టించాం.

పెరంబూరు_పద్మ
బాబూ ఆదివారం సంగతి రాయడం మర్చిపోకు.

కంప్రెసర్_బాబు
వెళ్ళొచ్చాం. నాన్న గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి నడిచారు, ఎందుకు నాన్నా గాజు పెంకులుంటాయి అంటే వినలేదు. తొట్టి దగ్గర నిలబడి 1 నుంచి 14 దాకా వరసలు చూపించి, 9వ వరసలో క్యాన్లు ఎప్పుడూ ఆలస్యంగా కట్టేవి, అటు ఉప్పునీళ్ళు సరిగ్గా తిరిగేవి కావు అన్నారు. పాల వైపు వెళ్ళి గోడ టైల్స్ మీద చెయ్యి పెట్టి, ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం పదినిమిషాలు వీపానించి నిలబడేవాణ్ణి, సూపర్‌వైజర్ చూసినా ఏమనేవాడు కాదు అన్నారు. నాకెప్పుడూ చెప్పలేదు ఆ మాట. రెండు గంటల రికార్డింగ్ ఉంది. మెరీనా_గాలి అన్న అన్నీ కొలిచాడు, చిన్నోడు టేపు రెండో కొస పట్టుకున్నాడు. వాచ్‌మన్ ఒక తుప్పుపట్టిన క్యాన్ ఇచ్చాడు, నాన్న ఇంటికొచ్చి దాన్ని కడిగి తులసి మొక్క పెట్టారు.

ఇప్పుడు ఆయన ఐస్ హౌస్ చూడాలంటున్నారు, అమెరికా ఐస్ ఎక్కడ పెట్టారో చూస్తా, నీళ్ళు ఎటు పోయేవో కనిపెడతా అని. సోమవారం మూసి ఉంటుందా? ఎక్కడ దిగాలి?

నెల్లూరు_చిన్నోడు
వెళ్ళేముందు ఫోన్ చేసి కనుక్కో అన్నా. మెట్లున్నాయి, పెద్దాయన్ని మెల్లగా ఎక్కించాలి, నేను స్టాప్ దగ్గరే ఉంటా. కండక్టర్‌కి వివేకానందర్ ఇల్లం అనొద్దు, ఐసవుస్ అను, దించేస్తాడు.